చేతికి గడ్డ తగిలిన తరువాత
(మహాసభల ఆరోగ్య వేదికపై చేసిన ప్రసంగ పాఠం)

పక్క హాల్లో పాటల కార్యక్రమం జరుగుతోంది. దాన్ని వదులుకుని క్యాన్సర్ గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే ఈ విషయం ఎన్ని ఇళ్ళను తాకిందో అర్థమవుతోంది. మగవారు కూడా బాగానే వచ్చారు. మీతో నాకు ప్రత్యేకంగా పని ఉంది, చివర్లో చెబుతాను.

నేను ఒంటారియోలో పనిచేసే వైద్యురాలిని. పుట్టి పెరిగింది గుంటూరు జిల్లాలో. రొమ్ము క్యాన్సర్ ఇక్కడా అదే, అక్కడా అదే. మందులు కూడా చాలావరకు అవే. ఫలితాలు మాత్రం ఒకటి కావు. ఆ తేడా ఎక్కడ పడుతోంది, దాన్ని తగ్గించడానికి కెనడాలో ఉన్న మనం ఏం చేయగలం అన్నదే ఈనాటి నా ప్రసంగం.

ముందుగా కొన్ని అంకెలు

ఇది తెల్లవాళ్ళ జబ్బు, మన ఆడవాళ్ళకు అంతగా రాదు అనే నమ్మకం మనలో చాలామందికి ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కెనడాలో ప్రతి 8 మంది స్త్రీలలో ఒకరికి జీవితకాలంలో ఈ జబ్బు రావచ్చని అంచనా. భారతదేశంలో ఆ అంచనా సుమారు 28 మందిలో ఒకరు. ఇక్కడితో ఆగిపోతే మనం అదృష్టవంతులమే.

కానీ రెండో అంకె కూడా వినండి. 2022లో భారతదేశంలో దాదాపు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చిందని, దాదాపు 98 వేల మంది దీనితో మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. కెనడాలో 2024 సంవత్సరానికి వేసిన అంచనా 30,500 కొత్త కేసులు, 5,500 మరణాలు. ఒక ఏడాది మరణించినవారంతా ఆ ఏడాది జబ్బు పడినవారు కారు కాబట్టి, నేరుగా భాగహారం చేసి తేల్చేయకూడదు. అయినా తేడా ఎంత పెద్దదో కంటికి కనబడుతూనే ఉంది.

ఇంకా సరైన కొలత ఒకటుంది. జబ్బు తేలిన 5 సంవత్సరాల తరువాత ఎంతమంది బతికి ఉన్నారన్నది. కెనడాలో 100కి దాదాపు 89 మంది. భారతదేశంలో 11 ప్రాంతాల క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కలతో 2024లో వెలువడిన అధ్యయనం ప్రకారం 66 మంది. ఆ అధ్యయనంలోనే మరో మాట ఉంది. జబ్బు రొమ్ముకే పరిమితమై ఉండగా వచ్చినవారిలో 81 మంది బతికారు. ఇతర అవయవాలకు పాకిన తరువాత వచ్చినవారిలో 18 మందే. అదే దేశం, అవే ఆసుపత్రులు. ఎప్పుడు వచ్చారన్న దాన్ని బట్టి 81కి, 18కి ఉన్నంత తేడా.

ఇంకొక సంగతి. మన దేశంలో ఈ జబ్బు ఇక్కడికంటే సుమారు 10 ఏళ్ళు ముందే కనబడుతోంది. అంటే పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, అత్తమామల బాధ్యత, పొలం పనులు అన్నీ నెత్తిమీద ఉన్న వయసులో.

ఒక వదిన, ఒక మరదలు

ఈ అంకెల వెనక ఏం జరుగుతుందో తెలియడానికి ఇద్దరు స్త్రీలను ఊహించుకుందాం. మరదలు బ్రాంప్టన్‌లో ఉంటుంది. వదిన కనిగిరి దగ్గర ఒక ఊళ్ళో.

మరదలికి 50 దాటగానే ఒంటారియో బ్రెస్ట్ స్క్రీనింగ్ ప్రోగ్రాం నుంచి ఉత్తరం వస్తుంది. ఆ కార్యక్రమం 1990 నుంచి నడుస్తోంది. బ్రిటిష్ కొలంబియా అంతకు రెండేళ్ళు ముందే, 1988లో, దేశంలో మొదటిసారిగా ఇలాంటిది పెట్టింది. మామోగ్రాంలో ఏదైనా తేడా కనిపిస్తే మళ్ళీ పిలుస్తారు, అల్ట్రాసౌండ్ చేస్తారు, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపుతారు. జబ్బు అని తేలితే సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు కలిసి మాట్లాడుకుంటారు. ఆసుపత్రిలో జరిగే చికిత్సకు బిల్లు రాదు. నిరీక్షణ లేదా అంటే ఉంది. ఇంటి దగ్గర వేసుకునే కొన్ని మాత్రలకు చేతి డబ్బు పడదా అంటే పడుతుంది. అయినా దారి ఒకటి వేసి ఉంది. ఆమె దాని మీద నడిస్తే చాలు.

వదినకు స్నానం చేస్తుండగా చేతికి గడ్డ తగులుతుంది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి భయం లేదనుకుంటుంది. అసలు భయపడాల్సింది ఆ నొప్పి లేని గడ్డకేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మిరపకోతలు అయ్యాక చూద్దామనుకుంటుంది. కోతలు అయ్యేసరికి మాఘమాసంలో కూతురి పెళ్ళి. పెళ్ళి ముందు ఈ మాట బయటకు వస్తే వియ్యాలవారు ఏమంటారో! పెళ్ళయ్యాక ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు పది రోజులకు మాత్రలు ఇస్తాడు. పక్కింటావిడ పసరు కట్టు మంచిదంటుంది. ఇంకొకరు కత్తి పెడితే ఒళ్ళంతా పాకుతుందని బెదిరిస్తారు. చివరకు టౌన్లో ఒక నర్సింగ్ హోంలో గడ్డ తీసేస్తారు. తీసిన ముక్కను పరీక్షకు పంపరు, పంపినా ఆ కాగితం ఎవరూ చదివి చెప్పరు. కొన్నాళ్ళకు అక్కడే మళ్ళీ గడ్డ, చంకలో ఇంకొకటి. అప్పుడు గుంటూరో, హైదరాబాదో ప్రయాణం. ఈలోగా ఏడాది గడిచిపోతుంది.

ఈ కథలో ఎవరూ దుర్మార్గులు లేరు. ప్రతి ఒక్కరూ తమకు తోచింది చేశారు. కానీ ప్రతి మలుపులోనూ నెలలు జారిపోయాయి. ఆమె సిగ్గు వల్ల కొంత ఆలస్యమైతే, ఎక్కడికి వెళ్ళాలో చెప్పే దిక్కు లేక అంతకంటే ఎక్కువ ఆలస్యమైంది.

60, 60, 80

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో రొమ్ము క్యాన్సర్ మీద ఒక ప్రత్యేక కార్యక్రమం ప్రారంభించి, 2023లో పేద, మధ్యతరగతి దేశాలు అందుకోవలసిన మూడు గుర్తులు పెట్టింది. గుర్తు పెట్టుకోవడం తేలిక. మొదటిది, 100 కేసుల్లో కనీసం 60 మొదటి రెండు దశల్లోనే తేలాలి. రెండోది, రోగి మొదటిసారి డాక్టరు గుమ్మం తొక్కిన 60 రోజుల్లోగా పరీక్షలన్నీ పూర్తయి జబ్బేమిటో తేలాలి. మూడోది, 100 మందిలో కనీసం 80 మంది చికిత్సను చివరిదాకా పూర్తి చేయాలి.

ఈ మూడింటిలో ఎక్కడా యంత్రం పేరు లేదు, గమనించండి. ఉన్నదంతా కాలం గురించి, పూర్తి చేయడం గురించి. మన వదిన కథను ఈ మూడు గుర్తుల పక్కన పెట్టి చూస్తే ఎక్కడెక్కడ దారి తెగిందో తెలిసిపోతుంది.

చేతి పరీక్షను తక్కువ చేయకండి

ఇక్కడ మన కెనడాకు సంబంధించిన ఒక పెద్ద అధ్యయనం గురించి చెప్పాలి. 1980లో మొదలైన జాతీయ స్క్రీనింగ్ అధ్యయనంలో 40 నుంచి 59 సంవత్సరాల మధ్య ఉన్న దాదాపు 90 వేల మంది స్త్రీలు పాల్గొన్నారు. 50 దాటిన వారిలో సగం మందికి ఏటా మామోగ్రాంతో పాటు శిక్షణ పొందినవారి చేతి పరీక్ష, మిగతా సగానికి చేతి పరీక్ష మాత్రమే. 25 ఏళ్ళు గమనించి 2014లో ఇచ్చిన నివేదికలో రెండు వర్గాల మరణాల్లో తేడా కనబడలేదు. ఈ అధ్యయనం జరిగిన తీరు మీద వైద్యుల్లో ఇప్పటికీ వాదం నడుస్తోంది. స్క్రీనింగ్‌లో పాల్గొన్న కెనడా స్త్రీలలో మరణాలు తగ్గాయని చూపిన అధ్యయనాలూ ఉన్నాయి. కాబట్టి ఇది విని ఇక్కడ మీ మామోగ్రాం మానేయకండి. నేను చెప్పదలచింది ఒక్కటే. శ్రద్ధగా చేసిన చేతి పరీక్ష, ఆ వెంటనే సరైన చికిత్స, ఈ రెండూ కలిస్తే చిన్న విషయం కాదు.

దీనికి మన దేశంలోనే సాక్ష్యం ఉంది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 1998లో ఆ నగరపు పేటల్లో 1 లక్షా 51 వేల మందికి పైగా స్త్రీలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందికి రెండేళ్ళకోసారి చేతి పరీక్ష. చేసినవారు డాక్టర్లు కారు, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు. 20 ఏళ్ళ తరువాతి ఫలితాలు 2021లో వచ్చాయి. ముదిరిన దశలో తేలిన కేసులు 47 శాతం నుంచి 37 శాతానికి తగ్గాయి. 50 ఏళ్ళు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్న వయసువారిలో మరణాలు తగ్గినట్టు తేలలేదు, అది కూడా చెప్పాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ కార్యకర్తల వెనక టాటా మెమోరియల్ వంటి ఆసుపత్రి ఉంది. అనుమానం వచ్చిన స్త్రీ ఎక్కడికి వెళ్ళాలో ముందే నిర్ణయమై ఉంది.

మన రాష్ట్రాల్లో ఏముంది?

ఏమీ లేదనుకోవడం పొరపాటు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉంది. 2000 జూన్‌లో అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించిన బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి వెనక, అమెరికాలోని మన తెలుగు వైద్యుల కృషి ఎంతో ఉంది. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉత్తరాంధ్ర వారికి పెద్ద దిక్కు.

డబ్బు సంగతికొస్తే, 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలై మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా విస్తరించిన ఆరోగ్యశ్రీ, పేద కుటుంబాలకు క్యాన్సర్ చికిత్సను అందుబాటులోకి తెచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ అందులో ఉన్నాయి. 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితిని 10 లక్షల రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. పథకం కింద ఉన్న ఆసుపత్రుల్లో రోగికి దారి చూపడానికి ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి కూడా ఉంటారు.

ముందుగా కనుక్కోవడంలోనూ మంచి ప్రయత్నాలు జరిగాయి. 2007లో డాక్టర్ పి. రఘురామ్ తన తల్లి పేరుతో హైదరాబాదులో స్థాపించిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్, 2012 నుంచి 2016 వరకు రెండు తెలుగు రాష్ట్రాల్లోని 15 జిల్లాల్లో గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి 2 లక్షలకు పైగా స్త్రీలకు చేతి పరీక్ష చేయించింది. కేంద్ర ప్రభుత్వం కూడా 2016లో 30 ఏళ్ళు దాటిన స్త్రీలందరికీ 5 ఏళ్ళకోసారి ఈ పరీక్ష జరగాలని మార్గదర్శకాలు ఇచ్చింది.

మరి లోటు ఎక్కడ? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ళ మధ్య ఉన్న స్త్రీలలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద 100కి ఒకరు కూడా లేరు, 0.9 శాతం. పథకం కార్డు చికిత్స ఖర్చు భరిస్తుంది. ఆ ఆసుపత్రి దాకా వచ్చే బస్సు ఛార్జీ, పోయిన కూలి, టౌన్లో చేయించిన స్కానింగుల ఖర్చు, తోడు వచ్చిన మనిషి భోజనం, వీటిని కుటుంబమే భరించాలి. పేదవాళ్ళు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

చికిత్స మధ్యలో ఆగకుండా

మన ఊళ్ళలో రేడియేషన్‌ను "కరెంటు పెట్టడం" అంటారు. ఆ కరెంటుకు కెనడాతో దగ్గర సంబంధం ఉంది. కోబాల్ట్ యంత్రంతో మొట్టమొదటి రోగికి చికిత్స జరిగింది 1951లో, ఈ ఒంటారియోలోని లండన్ నగరంలోనే. ఆ తరువాత దశాబ్దాల పాటు మన దేశపు ఆసుపత్రులను నడిపించింది కోబాల్టే. ఈ జబ్బు వస్తే రొమ్ము మొత్తం, దాని కింది కండరంతో సహా తీసేయాల్సిందేనని అందరూ అంటున్న రోజుల్లో, టొరాంటోలో డాక్టర్ వీరా పీటర్స్ గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినా చాలామందికి సరిపోతుందని చూపించారు. ఆమె తల్లి ఈ జబ్బుతోనే మరణించింది.

ఇంకొకటి కూడా ఇక్కడినుంచి వెళ్ళింది. గడ్డ మాత్రమే తీసిన తరువాత రేడియేషన్‌ను 25 సార్లు కాక 16 సార్లు ఇచ్చినా పదేళ్ళ ఫలితం సమానంగానే ఉందని హామిల్టన్‌కు చెందిన డాక్టర్ తిమోతీ వీలన్ బృందం 2010లో ప్రకటించింది. 5 వారాల చికిత్స 3 వారాల పైచిలుకుకు తగ్గింది. టొరాంటోలో ఉన్నవారికి ఇది సౌకర్యం. శ్రీకాకుళం జిల్లా నుంచి విశాఖ వచ్చి, సత్రంలో ఉంటూ, ఇంటి దగ్గర పిల్లల్ని, గేదెను వదిలి వచ్చిన స్త్రీకి ఇది చికిత్స పూర్తి చేయడానికి, మధ్యలో వెళ్ళిపోవడానికి మధ్య ఉన్న తేడా.

మాత్రల సంగతి కూడా అంతే. హార్మోన్ సంబంధమైన రకం అయితే టామాక్సిఫెన్ వంటి మాత్ర రోజుకొకటి చొప్పున కనీసం 5 ఏళ్ళు వేసుకోవాలి. అది చవకైన మందు. అయినా బాగున్నాను కదా అని ఏడాదికే మానేసేవారు ఉన్నారు. ఇంకో రకానికి పనిచేసే ట్రాస్టుజుమాబ్ ఒకప్పుడు మామూలు కుటుంబాలకు అందనిది. 2014లో బెంగుళూరు కంపెనీ బయోకాన్ దానికి సాటి మందును తక్కువ ధరకు తెచ్చాక కొంత అందుబాటులోకి వచ్చింది. కానీ ఏ రకమో తెలియాలంటే తీసిన ముక్క మీద మరికొన్ని పరీక్షలు చేయాలి. ఆ పరీక్ష జరగకపోతే మందు ఉన్నా ఎవరికి ఇవ్వాలో తెలియదు.

మన క్యాంపుల గురించి ఒక మాట

మనం ఏటా సెలవులకు వెళ్ళినప్పుడు సొంత ఊళ్ళో మెగా మెడికల్ క్యాంపులు పెడుతున్నాం. యంత్రాలు విరాళం ఇస్తున్నాం. మంచి మనసుతోనే చేస్తున్నాం. కానీ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ రోజు 500 మందిని చూశారు, అందులో పదిమందికి గడ్డ ఉందన్నారు, ఫోటోలు దిగారు, షామియానా విప్పేశారు. ఆ పదిమంది తరువాత ఏమయ్యారు?

ముక్క పరీక్ష ఎక్కడ చేయించాలో చెప్పకుండా గడ్డ ఉందని మాత్రం చెప్పి పంపితే, మనం ఆమె చేతిలో పెట్టింది భయం ఒక్కటే. అందుకని ఈ వేదిక మీద నుంచి నా విన్నపం ఇది. క్యాంపు తేదీ వేయడానికి ముందు, అనుమానం ఉన్నవారిని చూడడానికి ఒక ఆసుపత్రితో మాట్లాడుకోండి. ఆ క్యాంపుకు అయ్యే ఖర్చులో సగం తరువాతి పనికి దాచండి: సూది పరీక్షకు, పాథాలజీ ల్యాబుకు, బస్సు ఛార్జీలకు, ఆసుపత్రి దగ్గర ఉండడానికి ఒక గదికి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ పదిమంది ఫోన్ నంబర్లు రాసుకుని వారం వారం పలకరించే ఒక మనిషికి జీతం ఇవ్వండి. ఊళ్ళోని ఆశా కార్యకర్తను కలుపుకోండి. మనం విమానం ఎక్కాక ఆ ఊళ్ళో ఉండేది ఆమే.

ఇక్కడ మన ఇళ్ళలో

అంతా అక్కడి సమస్యే అనుకోకండి. దక్షిణాసియా నుంచి వచ్చిన స్త్రీలలో మామోగ్రాం చేయించుకునేవారు మిగతావారికంటే తక్కువని ఒంటారియోలో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. 2024 అక్టోబరు నుంచి ఒంటారియోలో 40 ఏళ్ళు నిండినవారు కూడా ఈ కార్యక్రమంలో చేరవచ్చు. ఫ్యామిలీ డాక్టరు చీటీ అక్కరలేదు, మీరే ఫోన్ చేసి సమయం తీసుకోవచ్చు. మీ అమ్మకో, అక్కకో ఈ జబ్బు ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి, ఏర్పాట్లు వేరుగా ఉంటాయి.

మరొకరు ఉన్నారు, ఎవరూ లెక్కలోకి తీసుకోనివారు. మనవళ్ళను చూసుకోవడానికి సూపర్ వీసా మీద వచ్చిన మన అమ్మలు, అత్తగార్లు. వాళ్ళకు ఓహిప్ లేదు. వీసా కోసం తీసుకునే ఇన్సూరెన్సు అత్యవసర వైద్యానికే గాని స్క్రీనింగుకు కాదు. ఆవిడకు గడ్డ తగిలినా "పిల్లలకు వేల డాలర్ల ఖర్చెందుకు, ఇండియా వెళ్ళాక చూపించుకుంటాలే" అని దాచుకుంటుంది. ఆ వెళ్ళేది ఏడాది తరువాత! కాబట్టి టికెట్ బుక్ చేసేటప్పుడే, బయలుదేరే ముందు అక్కడ ఒకసారి పరీక్ష చేయించండి. వచ్చాక కూడా సిగ్గుపడకుండా చెప్పమని ముందే మాట తీసుకోండి. అవసరమైతే వెంటనే తిరుగు ప్రయాణం కట్టించడం, దాచిపెట్టి నష్టపోవడం కంటే వెయ్యి రెట్లు నయం.

ఏం గమనించాలి?

రొమ్ములోగాని చంకలోగాని కొత్తగా తగిలిన గడ్డ, నొప్పి ఉన్నా లేకపోయినా. చర్మం మీద చొట్ట పడడం, బత్తాయి తొక్కలా గరుకుగా మారడం. చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, మానని పుండు. వీటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, ఎక్కువ భాగం కావు. ఆ మాట డాక్టరు పరీక్ష చేసి చెప్పాలి గాని మనం ఊహించుకోకూడదు. గడ్డ తీసేయడానికి ముందే సూదితో ముక్క పరీక్ష జరగాలి. తీసిన తరువాత పాథాలజీ రిపోర్టు మీ చేతికి రావాలి. ఈ రెండు మాటలు ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పండి.

ఇక మగవారితో నాకున్న పని. మన ఇళ్ళలో ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళాలో, ఏ ఊరు వెళ్ళాలో, ఎంత ఖర్చు పెట్టాలో చాలాచోట్ల నిర్ణయించేది మీరే. ఆదివారం అమ్మతో మాట్లాడేటప్పుడు బి.పి., షుగరు గురించి అడుగుతారు. ఈ మాట అడగడానికి మొహమాటపడతారు. మీకు నోరు రాకపోతే మీ భార్య చేతనో, అక్క చేతనో అడిగించండి. ఆవిడ "ఏం లేదు నాయనా" అంటే అక్కడితో వదిలేయకండి. ఒక చిన్న వాక్యం చేర్చండి: "ఉంటే చెప్పమ్మా, ఖర్చు సంగతి నేను చూసుకుంటాను." ఎన్నో గడ్డలు దాగి ఉండేది ఆ ఖర్చు భయం వెనకే.

మళ్ళీ రెండేళ్ళకు మహాసభల్లో కలుస్తాం. అప్పుడు ఈ వేదిక మీద మన సంఘాలు నివేదిక చదివేటప్పుడు ఎన్ని క్యాంపులు పెట్టామో, ఎన్ని యంత్రాలిచ్చామో చెప్పడంతో సరిపెట్టుకోకూడదు. ఎంతమందికి గడ్డ తేలింది, ఎన్ని రోజుల్లో ముక్క పరీక్ష జరిగింది, ఎంతమంది చికిత్స పూర్తి చేసుకుని ఇంటికి వెళ్ళారు, ఈ మూడు లెక్కలు చదవాలి. అంకెలు చిన్నవైనా ఫరవాలేదు. ఒక్క మండలమైనా చాలు.

ప్రశ్నలుంటే అడగండి. అందరి ముందు అడగలేనివారు భోజనాల దగ్గర నన్ను పక్కకు పిలవండి, సంకోచం వద్దు.